హీలియోస్ 44-2లో నలుపు తేలిపోతోందా? కోటింగును తిట్టే ముందు టార్చ్ వేసి చూడండి

కిటికీకి ఎదురుగా హీలియోస్ 44-2 అనే పాత సోవియట్ లెన్సుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము తీస్తే నలుపు బూడిదరంగుగా వస్తోంది, మల్టీకోటెడ్ లెన్సు (ప్రతిబింబాలను తగ్గించే కోటింగు పొరలు ఎక్కువ వేసినది) కొనాలా అని అడిగారు. ఇప్పుడే డబ్బు తగలేయకండి. ఇంత పాత లెన్సుల్లో చాలాసార్లు తప్పు కోటింగుది కాదు, లోపల పట్టిన మసకది.

అపర్చర్ (లెన్సులో వెలుగు వెళ్ళే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. పలచటి పాలమీగడలా కనిపిస్తే అది హేజ్. ఫోకస్ మరల గ్రీజులోని నూనె చేరి, అపర్చర్ రేకులకు అటూ ఇటూ ఉన్న గాజుల మీద పేరుకుంటుంది. సాలెపోగుల్లా ఉంటే ఫంగస్. హేజ్ అయితే గాజు విప్పాక లెన్స్ టిష్యూ మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, మధ్య నుంచి అంచుకి తుడవాలి. సీసాతో నేరుగా గాజు మీద పోస్తే అంచున ఉన్న నల్ల పెయింటు కరిగి లోపలికి పాకుతుంది. ఫంగస్ పోయినా, అది కోటింగును తినేసిన చోట మచ్చ మిగులుతుంది.

గాజు శుభ్రంగానే ఉందా? అయితే లెన్సులో పడే ట్యూబ్‌లైట్ ప్రతిబింబాలు చూడండి. తెల్లగా ఉన్నది కోటింగ్ లేని తలం, ఊదాగానో నీలంగానో ఉంటే సింగిల్ కోటింగ్. ఆ కోటింగ్ అంటే మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర, మందం దాదాపు 100 నానోమీటర్లు. అది ఆకుపచ్చ ప్రతిబింబాన్ని అణిచేస్తుంది కాబట్టి మిగిలిన ఎరుపు, నీలం కలిసి ఊదాగా కనిపిస్తాయి. వట్టి గాజు తలం 4 శాతం వెలుగును వెనక్కి కొడితే, ఈ పొర ఉన్నది ఒకటిన్నర శాతం కొడుతుంది. హీలియోస్‌లో 6 గాజులు, 4 గ్రూపులు (కొన్ని గాజులు ఒకదానికొకటి అతికించి ఉంటాయి), అంటే గాలి తగిలే తలాలు 8. కోటింగ్ లేకుంటే ఫిల్ముకు చేరేది 72 శాతమే, సింగిల్ కోటింగుతో సుమారు 88. పోయిన వెలుగుతో పెద్ద బాధ లేదు, గాజుల మధ్య తిరిగి తిరిగి నీడల మీద పడేదే కాంట్రాస్టును చంపుతుంది. (కోటింగులు రాకముందు, 1932లో జైస్ కంపెనీ తన సోనార్ ఎఫ్/2 లెన్సులో 6 గాజులనే 3 గ్రూపులుగా అతికించి తలాలను 6కి దించారు.)

చౌక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, కోటింగ్ లేనిదైతే ఇంకో రెండు తలాలు తగిలించినట్టే. పక్క వెలుగును ఆపే 49 ఎంఎం హుడ్ లెన్సు ముందు పెట్టి, ఎఫ్/16లో ఆకాశం తీసి మూలలు నల్లబడుతున్నాయేమో చూసుకోండి. కిటికీ ఫ్రేములోనే ఉంటే మాత్రం హుడ్ వల్ల ఒరిగేదేమీ లేదు. అప్పుడు కాంట్రాస్టు పెరిగేలా ఫిల్ము డెవలప్ సమయం 10-15 శాతం పెంచండి, లేదా ప్రింటుకు 2 బదులు ఎక్కువ కాంట్రాస్టు ఇచ్చే 3వ గ్రేడ్ పేపరు వాడండి. ఇలా చెదిరిన వెలుగు (ఫ్లేర్) ఒక్క మూలనే పడితే గ్రేడ్ మార్చినా ఆ మూల పాలిపోయే ఉంటుంది, ప్రింటు వేసే ఎన్‌లార్జర్ కింద అక్కడ విడిగా బర్న్ చేసుకోవాల్సిందే, అంటే ఆ చోటికి అదనంగా వెలుగిచ్చి నలుపు పెంచాలి.