న్యాయ సలహా: పాత పాట పేరుతో మా పిన్నిని వేధిస్తున్నారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా పిన్ని తొంభైల్లో సినిమాల్లో చేసింది. ఒక్క పాటతో రాత్రికి రాత్రే పేరొచ్చింది. తర్వాత అన్నీ అలాంటి వేషాలే ఇస్తుంటే మానేసి పెళ్లి చేసుకుంది. ఇప్పుడు ఆ పాట ముక్కలకు బూతు థంబ్‌నెయిల్స్ పెట్టి యూట్యూబ్‌లో వదులుతున్నారు. మార్ఫింగ్ ఫొటోలు తిప్పుతున్నారు. ఆమె జీవితం మీద వెబ్ సిరీస్ తీస్తానని ఒకాయన ప్రకటించాడు కూడా. ‘ఒప్పుకునే చేశావు కదా అంటారు’ అని పిన్ని స్టేషన్‌కు రానంటోంది. మేం కేసు వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వేయొచ్చు. అయితే దావా ఆవిడ పేరు మీదే వేయాలి, ఆవిడ ఉండగానే వేయాలి. సిల్క్ స్మితను గుర్తుచేసుకోండి. ఏలూరు దగ్గర కొవ్వలి అమ్మాయి విజయలక్ష్మి. 1980లో ఓ తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరే ఆమెకు అంటుకుపోయింది. 1996లో 35 ఏళ్లకే చనిపోయింది. ఆ తర్వాత ఆమె కథను ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు, కాదనడానికి ఆమె లేదు. బంధువులకు చట్టం ఇచ్చే బలం తక్కువ. జయలలిత మీద సినిమా ఆపాలని ఆమె మేనకోడలు వేసిన కేసులో 2021లో మద్రాసు హైకోర్టు ఇదే చెప్పింది: గోప్యత, పరువు మనిషితోనే పోతాయి, ఆస్తిలా వారసులకు రావు.

ఇక ‘ఒప్పుకునే చేసింది కదా’ అన్న మాట. మీ పిన్ని గారిని ఇంట్లో కూర్చోబెట్టింది ఈ మాటే, చదివి బాధేసింది. 2021 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు దీనికి సమాధానం ఇచ్చింది. ప్రధాన పాత్ర ఇస్తామంటే ఓ బెంగాలీ నటి వెబ్ సిరీస్ కోసం అభ్యంతరకర సీన్లలో చేసింది. సిరీస్ ఆగిపోయింది. నిర్మాత ఆ వీడియోలు యూట్యూబ్‌లో పెట్టాడు. ఆమె అడిగితే తీసేశాడు గానీ, అప్పటికే వేరేవాళ్లు దించుకుని మళ్లీ పెట్టారు. ఆమె ప్రైవసీ ఆమెకు ఉందంటూ కోర్టు వాటిని తీయించింది. కేసు కాగితాల్లో పేరు లేకుండా ‘ఎక్స్’ అనే రాశారు. మీరూ అలా అడగొచ్చు.

మార్ఫింగ్ ఫొటోల మీద యూట్యూబ్ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి ఆవిడ తరఫున మీరే ఫిర్యాదు పంపొచ్చు. 2021 ఐటీ రూల్స్ తొలగింపుకు 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణతో అది 2 గంటలకు తగ్గింది. పోలీసు కేసుకు ఐటీ చట్టం 67 (ఆన్‌లైన్‌లో అశ్లీలం), 67ఏ (లైంగిక దృశ్యాలు) సెక్షన్లు ఉన్నాయి. 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 79 (మాటలతో, చేష్టలతో మహిళను అవమానించడం) కూడా రాయించండి. ఆ సెక్షన్ ఉంటే ఆవిడ ఫిర్యాదును మహిళా పోలీసు అధికారే రాసుకోవాలి. తీసుకోకపోతే ఎస్పీకో కమిషనర్‌కో పోస్టులో పంపండి.

అసలు పాటను మాత్రం తీయించలేరు, అది నిర్మాత హక్కు. దాన్ని కోసి అతికించి పరువు తీసేలా చేస్తే, కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 38బి (నటీనటుల నైతిక హక్కులు) కింద అభ్యంతరం చెప్పొచ్చు.

వెబ్ సిరీస్ సంగతి ఆలస్యం చేయకండి. ఉరిశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో 1994లోనే సుప్రీంకోర్టు తేల్చింది: కుటుంబం, పెళ్లి, పిల్లల గురించి అనుమతి లేకుండా రాయకూడదు, పబ్లిక్ రికార్డుల్లో ఉన్నది వాడుకోవచ్చు. అంటే ఆవిడ సినిమాల గురించి చెప్పనివ్వాలి, కాపురం గురించి అక్కర్లేదు. పేరు మార్చి ‘కల్పితం’ అని వేసినా, చూసినవాళ్లు గుర్తుపట్టేలా ఉంటే మన వాదన ఉంటుంది. షూటింగ్‌కు ముందే నోటీసు పంపండి, విడుదలయ్యాక స్టే రావడం కష్టం.

ఫిర్యాదుకు ముందే ప్రతి వీడియో లింకు, ఛానెల్ పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. కోర్టులో అవి నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63 కింద, వాటిని ఏ ఫోన్‌తో ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. తీసిన ఫోన్ అమ్మేయకండి. పరువునష్టం దావాకు వీడియో వచ్చిన రోజు నుంచి ఏడాదే గడువు కాబట్టి, పాత వీడియోల తేదీలు ముందు చూసుకోండి.