బరువు ఎక్కడుందో చెప్పే క్రియలు

ప్రశ్న: ఉద్యోగరీత్యా జకార్తా వెళ్ళాలి. ఇంగ్లీషు ద్వారా ఇండోనేషియన్ నేర్చుకుంటున్నాను. ‘క్యారీ’ అంటే ‘మెంబావా’ అని రాసుకున్నాను. కానీ పాఠాల్లో మెమికుల్, మెంగ్గెందోంగ్, మెన్జుంజుంగ్ అని వస్తున్నాయి. అన్నిటికీ అర్థం క్యారీ అనే ఇచ్చారు. తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇంగ్లీషును పక్కనపెట్టి తెలుగులోంచి చూడండి, సగం చిక్కు విడిపోతుంది. మనం బిడ్డను ఎత్తుకుంటాం, గంప నెత్తిన పెట్టుకుంటాం, సంచి చేత పట్టుకుంటాం, కావడి మోస్తాం. ఇండోనేషియన్‌లో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. బరువు ఒంటిమీద ఎక్కడుందో క్రియే చెప్పేస్తుంది.

చంకనో వీపుననో, సాధారణంగా గుడ్డతో కట్టి మోస్తే మెంగ్గెందోంగ్. పసిబిడ్డను ఎత్తుకోవడానికి వాడే మాట ఇదే. జావాలో మూలికల కషాయం ‘జాము’ సీసాలను బుట్టలో పెట్టి, ఆ బుట్టను పొడవాటి గుడ్డతో వీపున కట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మే ఆడవాళ్ళుంటారు. ఆ అమ్మకాన్ని ‘జాము గెందోంగ్’ అంటారు. జాము సంప్రదాయాన్ని యునెస్కో 2023లో తన జాబితాలో చేర్చింది. (మాట చివరి ‘ంగ్’లో గకారం వినపడకూడదు. వాఙ్మయంలో ‘ఙ’లా ముక్కుతోనే ఆగిపోవాలి.)

భుజాన, ముఖ్యంగా కావడిబద్దతో మోస్తే మెమికుల్. ఆ బద్ద పేరు పికులన్. ‘పికుల్’ పాతకాలపు తూనిక కూడా: 100 కాటీలు, అంటే సుమారు 62 కిలోలు. బద్ద లేకుండా బస్తాను నేరుగా భుజానికెత్తుకుంటే మెమంగ్గుల్. సంచి భుజానికి తగిలించుకుంటే మెన్యందంగ్. నెత్తిన పెట్టుకుంటే మెన్జుంజుంగ్. చేత్తో పట్టుకుని వేలాడేలా తీసుకెళ్తే మెన్జింజింగ్ లేదా మెనెంతెంగ్. అందుకే లాప్‌టాప్‌కు ‘కొంపూతర్ జింజింగ్’ అని పేరు పెట్టుకున్నారు. చంకలో ఇరికించుకుంటే మెంగెపిత్. బీరువాలాంటిదాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి మోస్తే మెంగ్గోతోంగ్. నలుగురూ కలిసి పనిచేయడాన్ని చెప్పే ‘గోతోంగ్ రోయోంగ్’లో ఉన్నది ఈ గోతోంగే. 1945 జూన్ 1 ప్రసంగంలో సుకర్ణో (తర్వాత ఇండోనేషియా తొలి అధ్యక్షుడు) దేశానికి పునాదిగా ప్రతిపాదించిన తన అయిదు సూత్రాలను ఒక్కటిగా కుదిస్తే మిగిలేది ఇదేనన్నారు.

వీటిలో రెండు క్రియలు ఒక సామెతలో పక్కపక్కనే దొరుకుతాయి: ‘బెరత్ సామ దిపికుల్, రింగన్ సామ దిజింజింగ్’. బరువైతే కలిసి భుజాన మోద్దాం, తేలికైతే కలిసి చేత పట్టుకుందాం అని. ఇది నోటికి వస్తే ఆ రెండు మాటలూ ఇక మరచిపోరు.

మీ ‘మెంబావా’ తప్పేమీ కాదు. ‘వెంట తీసుకురా, తీసుకెళ్ళు’ అన్నచోటల్లా అదే సరైనది. ‘మెంబావా బాయి’ అంటే బిడ్డను వెంట తీసుకెళ్ళడం, ‘మెంగ్గెందోంగ్ బాయి’ అంటే ఎత్తుకోవడం. మొదటి నెలల్లో మాట్లాడేటప్పుడు మెంబావాతో నెట్టుకురండి, మిగతావి విన్నప్పుడు గుర్తుపడితే చాలు.

తికమక పెట్టే జంట ఇంకొకటుంది. అంగ్కత్ అంటే పైకెత్తడం, అంగ్కుత్ అంటే సరుకో మనుషులో బండి మీద చేరవేయడం. ఊళ్ళో తిరిగే ‘అంగ్కోత్’ వ్యాన్ల పేరు రెండోదాని నుంచి వచ్చింది. మొదటిదాని నుంచి ‘అనక్ అంగ్కత్’ వచ్చింది, అంటే దత్తబిడ్డ.

భుజాన్ని వాళ్ళు ‘బాహు’ అంటారు. సంస్కృతంలో బాహువు చేయి కదా అని కంగారుపడకండి. సంస్కృతంలో ‘భుజ’ అన్నా చేయే, తెలుగులో అది కూడా ఇలాగే పైకి జరిగింది.

ప్రశ్న: అచ్చు నిఘంటువులో ‘మెమికుల్’ కోసం మ దగ్గర వెతికాను, దొరకలేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఇండోనేషియన్ నిఘంటువుల్లో మాటలు ధాతువు కింద ఉంటాయి. ముందున్న ‘మె’ ఉపసర్గ, అది మెమ్, మెన్, మెంగ్ లాంటి రూపాల్లో కనపడుతుంది. అది చేరినప్పుడు ప, త, క, స లతో మొదలయ్యే ధాతువులు ఆ మొదటి ధ్వనిని పోగొట్టుకుంటాయి. మెమికుల్‌కు పికుల్, మెనెంతెంగ్‌కు తెంతెంగ్, మెంగెపిత్‌కు కెపిత్, మెన్యందంగ్‌కు సందంగ్ చూడాలి. బ, జ, గ మాత్రం చెక్కుచెదరవు: మెంబావాకు బావా, మెన్జింజింగ్‌కు జింజింగ్.

ఎక్కువమంది తప్పు చేసేది ‘మెంగ్’ తర్వాత అచ్చు వచ్చినచోట. అక్కడ క పోయి ఉండవచ్చు, లేదా ధాతువే అచ్చుతో మొదలై ఉండవచ్చు. మెంగంగ్కుత్‌కు అంగ్కుత్ చూడాలి, ‘కంగ్కుత్’ కాదు. కాబట్టి రెండుచోట్లా వెతకండి. కర్మణిలో ‘ది’ చేరితే ధాతువు చెక్కుచెదరదు. దిపికుల్‌లో పికుల్ అలాగే కనపడుతుంది.

ప్రశ్న: క్యారీ ఆన్, క్యారీ ఔట్ అన్నా మెంబావాయేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాదు. కొనసాగించడం మెలన్జుత్కన్, అమలుచేయడం మెలక్సనాకన్. కడుపుతో ఉండటం మెంగందుంగ్. బాధ్యత మోయడానికి మాత్రం కావడి మాటే: మెమికుల్ తంగ్గుంగ్ జవబ్. విమానంలో చేతసంచిని ‘బగాసి కాబిన్’ అని అడగండి.