ప్రకటనల బెడదకు అప్పు మందు కాదు

నకిరేకల్‌లో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్న ఒకరు ఇలా రాశారు: "సిస్టంలో క్రోమ్ తెరిస్తే తెలియని సెర్చ్ పేజీ వస్తోంది, ఏది నొక్కినా ప్రకటనలే. డిగ్రీ సీట్ల కోసం పెట్టే దోస్త్ దరఖాస్తుల గిరాకీ పక్క దుకాణానికి పోతోంది. ఆ తెర మీదే కనిపించిన లోన్ యాప్‌లో 40,000 అడిగాను. కొత్త సిస్టం కొందామని. చేతికి 34,000 ఇస్తారట, నెలకు 8,500 చొప్పున ఆరు నెలలు కట్టాలి. 24,000 ఖర్చులు పోను నెలకు 6,000 మిగులుతుంది. దాచింది ఏమీ లేదు. తీసుకోమంటారా?"

వద్దండీ. 34,000 తీసుకుని 51,000 కడతారు. మీకు మిగిలేది 6,000, కిస్తీ 8,500. తక్కువపడే 2,500కు రెండో యాప్ దగ్గరికి పోతారు. పైగా రోగం అంటించినవాడి దగ్గరే మందు కొంటారా? ఆ యాప్‌ను మీకు చూపించింది ఆ పాడు ప్రకటనలే.

మీ సిస్టం చెడిపోలేదు. క్రోమ్ బ్రౌజర్‌ను ఏదో పాడు సాఫ్ట్‌వేర్ తన చేతుల్లోకి తీసుకుంది, అంతే. మీ పనిలో ఇది ఎలా వస్తుందో నాకు తెలుసు. ఫొటో సైజు తగ్గించాలనో, పీడీఎఫ్‌లు కలపాలనో కస్టమర్ తొందర పెడతాడు. మీరు ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ దించి నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుతూ పోతారు. మధ్యలో ఒక గడిలో ముందే టిక్ పెట్టి ఉంటుంది. దాన్ని తీసేయకపోతే ఇంకోటి కూడా లోపలికి వస్తుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాములను తేదీ వరుసలో పెట్టి, బెడద మొదలైన రోజుల్లో వచ్చిన తెలియనివి తీసేయండి. క్రోమ్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లు (క్రోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు), అడ్డమైన సైట్లకు ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతులు కూడా తీసేసి, రీసెట్ సెట్టింగ్స్ నొక్కండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోవు. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. అప్పటికీ పోకపోతే ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్ మళ్లీ వేయించండి. ఇదంతా అయ్యేదాకా ఆ సిస్టంలో బ్యాంకు లాగిన్ వద్దు. పాస్‌వర్డులు ఫోన్ నుంచి మార్చండి. "వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే చేయకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

నన్ను బాధపెట్టింది మీ ఒక మాట, "దాచింది ఏమీ లేదు" అన్నది. సిస్టం మీద బతికే దుకాణానికి నాలుగు రోజులు గిరాకీ ఆగితే అప్పు తప్ప దారి లేకపోవడమే అసలు ప్రమాదం. ఇవాళ ప్రకటనలు, రేపు హార్డ్ డిస్క్ పోతుంది, ఎల్లుండి ఇంట్లో ఎవరికో జ్వరం. మూడు నెలల ఖర్చు, అంటే 72,000, మీ దగ్గర ఉండాలి. నెలకు 5,000 వేస్తే 15 నెలల్లో అవుతుంది. చిట్టీ పాట ఎత్తుకోవడం దీనికి బదులు కాదు. నిజంగానే యంత్రం పోతే బ్యాంకులో చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్ర శిశు రుణం అడగండి, 50,000 దాకా ఇస్తారు.

ఆ 5,000 దుకాణం క్యూఆర్ కోడ్ ఉన్న ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో వేయండి, దానికి ఫోన్‌పే జోడించకండి. మొదటి 5,000 ఈ నెలే వేయండి.