లూయిసా మే ఆల్కాట్ ఇల్లు నిజంగా ‘లిటిల్ విమెన్’లో ఉన్నట్టే ఉండేదా?

చాలావరకు అవును. ‘లిటిల్ విమెన్’ లూయిసా రాసిన నవల, నలుగురు అక్కచెల్లెళ్ల కథ. అందులో మెగ్ అంటే అన్నా అనే అక్క, బెత్ అంటే 1858లో చనిపోయిన ఎలిజబెత్, ఏమీ అంటే ఆఖరిది మే, జో అంటే లూయిసాయే. నవలకీ నిజానికీ పెద్ద తేడా నాన్న విషయంలో ఉంది.

నేను బోస్టన్ దగ్గర ఉంటాను. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు కాంకర్డ్‌లో వాళ్లున్న ఆర్చర్డ్ హౌస్‌కి తీసుకెళ్లాను. అమ్మ నవల చదవలేదు. గైడ్ మాటలు నేను తెలుగులో చెబుతుంటే విని, ‘మరి ఇల్లెలా గడిచేదే?’ అని అడిగింది. ఈ కుటుంబం గురించి అడగాల్సిన ప్రశ్న అదే.

తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ తత్వవేత్త ఎమర్సన్‌కి స్నేహితుడు, బడిపంతులు, ఆదర్శవాది. 1839లో తన బడిలో ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకుంటే మిగతావాళ్లు తమ పిల్లల్ని మాన్పించేశారు. ఆయన మాత్రం ఆ పిల్లని పంపేయనన్నాడు, బడి మూతపడింది. ఆ పట్టుదలంటే నాకు చాలా గౌరవం. కానీ 1843లో ఫ్రూట్‌లాండ్స్ అనే పొలంలో సామూహిక జీవనం మొదలుపెట్టాడు. మాంసం, పాలు ముట్టరు. బానిసల చెమటతో పండింది కాబట్టి పత్తి బట్టలు కట్టరు, గొర్రెలది కాబట్టి ఉన్నీ వద్దు. చాకిరీ అంతా తల్లి అబిగెయిల్ మీద పడింది. చలికాలం వచ్చేసరికి తిండికే కరువు, 1844 జనవరికల్లా అంతా ముగిసింది. అప్పటికి లూయిసాకి 11 ఏళ్లు.

అబిగెయిల్ బోస్టన్‌లో పేరున్న మే కుటుంబం ఆడపడుచు. ఆమె అన్న శామ్యూల్ మే బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన పాస్టర్. అలాంటి ఇంటి నుంచి వచ్చి, బోస్టన్ పేదవాడల్లో జీతానికి పనిచేసి పిల్లల్ని పోషించింది. లూయిసా కుట్టుపని చేసింది, పాఠాలు చెప్పింది, ఒకరింట పనికి కుదిరింది. అక్కడ ఏడు వారాలకి చేతిలో పెట్టింది 4 డాలర్లు. మారుపేరుతో పత్రికలకి రక్తపాతం, ప్రతీకారాల కథలు రాసిందీ డబ్బు కోసమే.

నవలలో అమెరికా అంతర్యుద్ధానికి వెళ్లేది నాన్న. నిజంగా వెళ్లింది లూయిసా. 1862 డిసెంబరులో వాషింగ్టన్ దగ్గర జార్జ్‌టౌన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, కొన్ని వారాలకే టైఫాయిడ్‌తో ఇంటికొచ్చింది. మందుగా పాదరసం కలిసినది ఇచ్చారు. ఆ తర్వాత ఆరోగ్యం మునుపటిలా లేదు.

1868లో ప్రచురణకర్త థామస్ నైల్స్ ఆడపిల్లల కథ అడిగితే ఇష్టం లేకుండానే ‘లిటిల్ విమెన్’ మొదలుపెట్టింది. పుస్తకాన్ని ఒకేసారి అమ్మేయకుండా రాయల్టీ తీసుకోమని ఆయనిచ్చిన సలహా ఇల్లు నిలబెట్టింది, ఏళ్ల నాటి అప్పులన్నీ తీరాయి. అది రాసిన బల్ల ఇప్పటికీ ఆర్చర్డ్ హౌస్‌లో ఉంది, రెండు కిటికీల మధ్య గోడకి బిగించిన చిన్న అర్ధచంద్రాకారపు చెక్క. నాన్నే చేసిచ్చాడు. సంపాదించలేని మనిషి కూతురి రాతకి చోటు చేశాడు, ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేకపోవడానికి నాకదొక కారణం.

నవలలో జోకి పెళ్లయింది, లూయిసా చేసుకోలేదు. 1879లో చెల్లెలు మే పారిస్‌లో ప్రసవమైన కొద్ది వారాలకే చనిపోతే, ఆ పసిదాన్ని తెచ్చుకుని పెంచింది. 1888 మార్చి 4న తండ్రి, 6న లూయిసా పోయారు. ఆమెకి 55 ఏళ్లే.

ఇంకా చదవాలనుంటే ముందు నర్సుగా తన అనుభవాల మీద లూయిసా రాసిన ‘హాస్పిటల్ స్కెచెస్’ చదవండి. తర్వాత ఫ్రూట్‌లాండ్స్ మీద ఆమె రాసిన ‘ట్రాన్సెండెంటల్ వైల్డ్ ఓట్స్’, చిన్నదే, కూర్చున్నచోటే చదివేయొచ్చు.