బస్సు దిగిపోతే భయం తగ్గదు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, హన్మకొండలో టీచర్ని. నాలుగు నెలల కింద కరీంనగర్ బస్సులో ఉన్నట్టుండి గుండె దడ, ఆయాసం, చేతులకు తిమ్మిర్లు. ప్రాణం పోతుందనిపించి హుజూరాబాద్‌లోనే దిగిపోయిన. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. అప్పటి నుంచి మా ఆయన లేనిదే బస్సెక్కుత లేను. అత్తమ్మ గాలి సోకిందంటున్నది. కౌన్సెలింగ్‌లో మాటలతో ఇది తగ్గుతదా?

జవాబు: అమ్మా, మీరు చెప్పినవన్నీ పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం) లక్షణాలే. గుండె బాగుందని డాక్టరు తేల్చాక పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించుకోకండి. భయపడ్డప్పుడు మనకు తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే దడ తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది. అది దిగేలోపే మీరు బస్సు దిగారు. ‘దిగాను కాబట్టే బతికాను’ అని మనసులో నాటుకుపోయింది. అసలు చిక్కు అక్కడే ఉంది.

దీనికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చే చికిత్స, బాగా పనిచేస్తుంది. వారానికోసారి, ఇంచుమించు 12 సిట్టింగులు. ఉత్త ఓదార్పు మాటలు కావవి. గదిలోనే నిమిషంపాటు ఉన్నచోటే పరుగెత్తించి కావాలనే దడ తెప్పిస్తారు. దడ వచ్చినా ఏమీ కాదని ఒంటికి అలా తెలిసొస్తుంది. ఆ తర్వాత బస్సు. మొదట హసన్‌పర్తి దాకా, మీ ఆయన వెనక సీట్లో. తర్వాత అంతే దూరం ఒంటరిగా. వారంలో మూడు నాలుగుసార్లు వెళ్లి, భయం తగ్గాకే ఎల్కతుర్తి, ఆపైన హుజూరాబాద్. దడ వచ్చినా అనుకున్న స్టేజీ వచ్చేదాకా దిగొద్దు. ఒకేసారి కరీంనగర్ దాకా వెళ్దామని తొందరపడితే మధ్యలో దిగిపోయి, భయం ఇంకా ముదురుతుంది. దారంతా మీ ఆయనతో ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్నా లాభం లేదు, ఫోన్ వల్లే గట్టెక్కామనిపిస్తుంది.

ఊపిరి నిదానంగా తీయడం అలవాటయ్యేందుకు నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. పూటకు ఐదు నిమిషాలు, ఇంట్లో.

డాక్టరు మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో మీ అంతట మీరు మానేయొద్దు. మెడికల్ షాపులో అడిగి అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) కొని వేసుకోవద్దు, అలవాటుపడితే మానడం కష్టం.

అత్తమ్మతో వాదనకు దిగకండి. తాయెత్తు కట్టినా కట్టించుకోండి, కానీ చికిత్స ఆపకండి. వీలైతే ఆమెనూ ఒకసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్లడానికి జంకుగా ఉంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.