ఎన్నారై సందేహాలు: ఈట్‌వెల్ గైడ్ మన అన్నం కూరలకి పనికొస్తుందా?

తమ్ముడూ, నర్సు ఇచ్చిన ఈట్‌వెల్ గైడ్, అదే ఏది ఎంత తినాలో బ్రిటన్ ప్రభుత్వం వేసిన పళ్ళెం బొమ్మ, బ్రెడ్డు తినేవాళ్ళ కోసమని రాశావు. ఆ బొమ్మ ఇంకోసారి చూడు, బియ్యం ఉంది, పప్పులూ ఉన్నాయి. అసలు నీ బెంగ తిండి గురించి కాదు. కూరగాయలు కొంటే అద్దెకి మిగలదేమోనని. అది నాకు కొత్త కాదులే.

లెస్టర్‌లో చదువుకునే రోజుల్లో బెండకాయల ధర చూసి మనసులోనే రూపాయల్లోకి మార్చేవాణ్ణి. అమ్మో అనుకుని అక్కడే పెట్టేసేవాణ్ణి. బియ్యం బస్తా నలుగురం కలిసి కొనేవాళ్ళం. రోజూ అన్నం, బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, పెరుగు. ఆకలేస్తే చవక చిప్స్ ప్యాకెట్. ఇంటికి ఫోన్ చేసి, ఎంత పొదుపుగా బతుకుతున్నానో గొప్పలు! కూర తింటున్నాననే నా ధీమా. తీరా చూస్తే ఈ గైడ్ లెక్కలో బంగాళాదుంప కూరగాయే కాదు, అన్నం వరసలోది. అంటే నేను అన్నంలో అన్నమే కలుపుకు తిన్నానన్నమాట.

ఉద్యోగంలో చేరాక రక్తపరీక్షలో షుగర్ అంచుల్లో ఉందన్నారు. నేనేం లావు లేనుగా అంటే, దక్షిణాసియా వాళ్ళు బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 దాటగానే జాగ్రత్త పడాలన్నారు. అప్పుడు గానీ ఆ గైడ్ కాగితం చదవలేదు. ఇక్కడి వాళ్ళూ అంతే. 2003 నుంచీ ప్రచారంలో ఉన్న 'ఫైవ్ ఎ డే' (రోజుకి ఐదు) నినాదం మా ఆఫీసులో అందరికీ నోటికొచ్చు, 2016లో వచ్చిన ఈ పళ్ళెం బొమ్మ సంగతి అడిగితే తెల్లమొహాలే.

ఆ ఐదంటే, పళ్ళూ కూరగాయలూ కలిపి 80 గ్రాముల చొప్పున రోజుకి ఐదు వంతులు. తాజావే కొనాలని ఎవరూ అనలేదు. ఫ్రోజెన్ పాలకూర, బఠానీలు, టిన్ను టమాటాలు, సూపర్‌మార్కెట్ సొంత బ్రాండువి, అన్నీ లెక్కకొస్తాయి. సాయంత్రం పసుపు స్టిక్కర్ వేసి తగ్గించినవీ వస్తాయి, మొహమాటపడకు. పప్పు ఎంత తిన్నా ఒక్కటిగానే లెక్క, కానీ అదే పప్పులో పాలకూర వేస్తే ఇంకొకటి. నేను నెగ్గుకొచ్చింది ఈ పాలకూర పప్పుతోనే.

ఉప్పు రోజుకి 6 గ్రాములు, అంటే ఒక టీస్పూను, దాటకూడదు. ప్యాకెట్ల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు చూసుకో. అమ్మ పంపిన ఆవకాయకి వేరే ఎర్ర గుర్తు అక్కర్లేదు. అక్టోబర్ నుంచి మార్చి మొదటిదాకా రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకో, మన రంగువాళ్ళని ఏడాదంతా వేసుకునే ఆలోచన చేయమంటారు. మిగతాది ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) సైట్‌లో ఉంది.

కంచమంతా అన్నమే నింపొద్దనేది తెల్లవాళ్ళ మాట అనుకోకు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిందీ అదే: ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని.

ఇక డబ్బంటావా, శుక్రవారం బిర్యానీ ఆర్డర్లకి ఎంత పోతోందో ఈ నెల పద్దు రాయి. కూరగాయలకి డబ్బుల్లేవనే ముందు ఆ అంకె నాకు పంపు.