సపోర్టివ్ హౌసింగ్‌లో ఉండేవాళ్లు అద్దె కట్టాలా?

సాధారణంగా కట్టాలి, ఎందుకంటే లాభాపేక్ష లేని సంస్థలు నడిపే సపోర్టివ్ హౌసింగ్ (ఇల్లు లేనివాళ్లకు ఇంటితోపాటు అవసరమైన సాయం కూడా అందించే ఏర్పాటు) అనేది కొన్నాళ్లు తలదాచుకునే షెల్టర్ కాదు, అద్దె ఒప్పందంతో వచ్చే ఇల్లు. కాకపోతే అద్దె ఆదాయాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో ప్రభుత్వ సాయం అందే చోట్ల ఇది మామూలుగా ఆదాయంలో 30 శాతం దగ్గర ఉంటుంది, మిగతాది సబ్సిడీలు భరిస్తాయి.

ఒప్పందం ఉంటే అద్దెదారుకు చట్టపరమైన హక్కులొస్తాయి. రేపు వెళ్లిపొమ్మంటారేమోనన్న టెన్షన్ ఉండదు. మానసిక అనారోగ్యం, వ్యసనం, వైకల్యం ఉన్నవాళ్లకు అసలు కావలసింది ఆ నిలకడే. మందులు దాచుకునే చోటు, నర్సు వచ్చి కలిసే అడ్రస్, సరైన నిద్ర, ఇవేవీ వీధిలో దొరకవు. ఇల్లు కుదిరాక, ఒక్కొక్కరి అవసరాలు చూసుకునే కేస్ వర్కర్ చికిత్స, పెన్షన్, ఉద్యోగం పనుల్లో తోడుంటారు.

ఫిన్లాండ్‌లో 1985లో మొదలైన వై-ఫౌండేషన్ మామూలు అపార్ట్‌మెంట్లలోనే విడి ఫ్లాట్లు కొని, ఇల్లు లేనివాళ్లకు అద్దెకిస్తుంది. పక్కింటివాళ్లకు తేడా కూడా తెలియకపోవచ్చు.

తాగుడు మానితేనే ఇల్లిస్తారని చాలామంది అనుకుంటారు. కొన్ని సంస్థలు అలా షరతు పెడతాయి గానీ, ముందు ఇల్లు, మిగతావన్నీ తర్వాత అనే 'హౌసింగ్ ఫస్ట్' పద్ధతిలో అది లేదు. చికిత్స తీసుకోవాలా వద్దా అన్నది అద్దెదారు ఇష్టం. అద్దె ఎగ్గొడితే మాత్రం అందరికీ వచ్చినట్టే నోటీసు వస్తుంది.